చేపకు వేలమా, చెరువుకు వేలమా?



వరద రోజుల్లో పి.గన్నవరం అక్విడెక్టు కింద వైనతేయ గోదావరి ఎర్రగా పారుతుంది. అప్పుడే పులస చేప గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతుంది. ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. గట్టు మీద వేలం పాడితే ఆ డబ్బు వల వేసినవాళ్లకు వస్తుంది. ఇది చేపకు వేలం.

మాది రంపచోడవరం వైపు కొండల్లో ఊరు. అక్కడ చెరువునే వేలం వేశారు. బయటి వ్యాపారి పాడుకున్నాడు. పూర్వం చెరువు ఎప్పుడు పట్టాలో మా పెద్దలు చెప్పేవారు. ఊరంతా కలిసి పట్టి ఇంటింటికీ వాటాలు వేసేవారు. ఇప్పుడు మా అవ్వ కూరకని గాలంతో రెండు చేపలు పడితే, కాపలా మనిషి బుట్ట లాక్కున్నాడు. "ఈ వయసులో నేను దొంగనయ్యానా?" అని అవ్వ ఏడ్చింది.

ఈ బాధ మనకే అనుకున్నాను. కానీ న్యూజిలాండులో మావోరీలనే ఆదివాసులకూ వచ్చిందంట. 1986లో అక్కడి ప్రభుత్వం చేపలు తరిగిపోకుండా కోటాలు పెట్టింది. కోటా అంటే ఏడాదికి ఇంత చేప పట్టుకునే హక్కు. దాన్ని పొలంలాగా కొనొచ్చు, అమ్మొచ్చు. కొద్దికొద్దిగా పట్టుకునే మావోరీలు చాలామంది బయటే ఉండిపోయారు. వాళ్లు 1840 నాటి ఒప్పందం చూపించి కోర్టుకు వెళ్లారు. 1992లో రాజీ కుదిరింది. ఒక పెద్ద చేపల కంపెనీలో సగం వాటా, కొత్తగా కోటాలోకి వచ్చే చేపల్లో 20 శాతం వాళ్లకు వచ్చాయి. తిండికీ, చావు కార్యాలకూ పట్టే చేపలు కోటాలోకి రావు. వాటికి అనుమతి ఇచ్చేది వాళ్లు ఎంచుకున్న పెద్దలే. అవి మాత్రం అమ్మకూడదు.

మనకూ చట్టం ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. గన్నవరానికి అది వర్తించదు, మా ఊరికి వర్తిస్తుంది.

వేలం చెడ్డదని నేను అనడం లేదు. పంచాయతీకి డబ్బు కావాలి కదా. కానీ వేలానికి ముందే గ్రామసభలో షరతు రాయించాలి: కూర చేపలు ఊరివాళ్లవి, గుడ్ల కాలంలో వల వేయకూడదు.

సెలవులకు వెళ్లినప్పుడు అర్జీ నేను రాస్తాను. అవ్వ వేలిముద్ర వేస్తానంది. మీ ఊరి చెరువు ఎవరి చేతిలో ఉందో కనుక్కుని వచ్చే పత్రికకు రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని