ఊళ్లో టోర్నమెంటు ఉండాలి

మైత్రీవనం కోచింగులకొచ్చి, రాత్రిళ్లు హాస్టల్ గదుల్లో ఫోన్లలో గ్రాండ్‌స్లామ్‌లు చూసే పిల్లలకు, ఏళ్ల తరబడి టెన్నిస్‌ను వదలకుండా చూసిన పెద్దవాడిగా నాలుగు మాటలు.

1. యూఎస్ ఓపెన్‌లో మగవాళ్ల పోటీ 1881లో, ఆడవాళ్లది 1887లో మొదలైంది. ప్రపంచయుద్ధాలొచ్చినా ఆగలేదు. 1973లోనే ఇద్దరికీ సమానంగా ప్రైజ్‌మనీ ఇచ్చారు. వింబుల్డన్ ఆ పని చేయడానికి 2007 దాకా పట్టింది.

2. మన ఊరి సంగతి ఇంకా ముఖ్యం. 2003లో ఫతే మైదాన్‌లో హైదరాబాద్ ఓపెన్ మొదలైంది. డబ్ల్యూటీఏ టోర్నమెంటు, అంటే ఆడవాళ్లది. ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు తమంతట తాము కొందరిని మెయిన్ డ్రాలోకి తీసుకోవచ్చు. అదే వైల్డ్‌కార్డ్. పదహారేళ్ల సానియా మీర్జా అలాగే వచ్చింది, మొదటి రౌండులోనే ఓడింది. 2004లో మళ్లీ వైల్డ్‌కార్డ్, మళ్లీ మొదటి రౌండులోనే ఓటమి. ఈసారి ఓడించిన నికోల్ ప్రాట్ ఆ ఏటి విజేత. కానీ అదే వారం లీజెల్ హ్యూబర్‌తో కలిసి సానియా డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరి 12న ఇదే టోర్నమెంటు సింగిల్స్ ఫైనల్లో అలోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు మన ఊరి పిల్ల, అదీ మన ఊళ్లోనే! ఆ ఏడే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది. సొంత ఊళ్లో రెండుసార్లు ఓడే అవకాశం దొరక్కపోతే మూడో ఏడు అలా ఉండేదని నేననుకోను.

3. డబుల్స్ చూడండి. సానియా ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లో వచ్చినవే.

4. మూడేళ్లకే, 2006లో హైదరాబాద్ ఓపెన్ బెంగళూరుకు వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ బాధే. 2023 మార్చి 5న సానియా వీడ్కోలు మ్యాచ్‌లు ఎల్బీ స్టేడియంలో, అంటే అదే ఫతే మైదాన్‌లో జరిగాయి. ఆటను ప్రేమించే జనం ఇక్కడున్నారు. కోర్టులున్నాయి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్లో దిగితే నడిచి వెళ్లేంత దూరం. లేనిదల్లా ఏటా తప్పకుండా వచ్చే ఆ ఒక్క వారం. రేపు మీలో ఎవరైనా పెద్ద కంపెనీల్లో, ప్రభుత్వంలో నిర్ణయాలు తీసుకునే చోటికి చేరితే దాన్ని తిరిగి తీసుకురండి. ఈసారి మగపిల్లలకూ ఆడపిల్లలకూ కలిపి పెట్టండి, కనీసం పదేళ్లకు ఒప్పందం రాయించండి, ఏటా ఊరి పిల్లలకు వైల్డ్‌కార్డులు అట్టేపెట్టండి.