మనము త్రాగు పంచదార

ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పోషణమునుగూర్చి పాఠము చెప్పుచు ఒకనాడు మేమొక చిన్న పని పెట్టితిమి. నిన్నటి ఉదయము మొదలు నిద్రపోవువఱకు ఎవరెవరు ఏమేమి తినిరో కాగితముపై వ్రాసి యిమ్మంటిమి. పిల్లలు శ్రద్ధగా వ్రాసిరి. ఇడ్డెనలు, పప్పు, గోంగూర పచ్చడి, చేపల పులుసు, అరటిపండు, జంతికలు. ఒక బాలిక తాను నమలిన వేరుసెనగ గింజలను సైతము మఱువలేదు. కాని ఏ కాగితమునందును త్రాగిన వస్తువు ఒక్కటియు కానరాలేదు. పాఠశాల విడిచిన పిమ్మట సీసాలో అమ్ము తీపి పానీయము త్రాగినవారు చేతులెత్తుడనగా సగమునకు మించి చేతులు లేచినవి. "మఱి యేల వ్రాయలేదు?" అని యడిగితిమి. వెనుక బల్లమీది బాలుడొకడు నిలువబడి, "తిన్నవే రాయమన్నారు గదండీ, అది తాగింది" అనెను.

తరగతియంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ఇంటికి పోయిన తరువాత ఆ మాట మమ్ము విడువలేదు. ఏలయన మన కుటుంబములలో పంచదార యింత విరివిగా లోనికి పోవుటకు గల కారణమును ఆ బాలుడు ఒక్క మాటలో చెప్పినాడు. త్రాగినదానిని మనము ఆహారముగా లెక్కింపము. మిఠాయి రెండవసారి చేతిలోనికి తీసికొన్న బిడ్డను తల్లి వారించును. అంత పంచదారయే గ్లాసులో కరగియున్నప్పుడు, "ఎండన పడి వచ్చినాడు, దప్పిక తీర్చుకొననిండు" అని ఆమెయే అందించును.

మఱునాడు పదార్థవిజ్ఞానశాస్త్రపు గదినుండి త్రాసు తెప్పించి, 26 గ్రాముల పంచదార తూచి, 250 మిల్లీలీటర్ల మంచినీటిలో కరగించితిమి. చెంచాతో కొలిచిన అది ఐదు చెంచాలకు పైగా నుండెను. ఒక చిన్న సీసా నల్లని సోడా పానీయములో నుండు పంచదార ఇంచుమించు ఇంతయే. దానిని త్రాగి చూడుడని పిల్లలకిచ్చితిమి. ఒక గ్రుక్కకే మొగము చిట్లించిరి. గ్లాసు పూర్తిచేసినవాడొక్కడును లేడు. తరువాత అంతే పంచదార, అంతే నీరు మఱియొక పాత్రలో కలిపి, అందులో నిమ్మకాయ పిండి, మంచుముక్కలు వేసి యిచ్చితిమి. అది క్షణములో ఖాళీయయ్యెను! చలువయు పులుపును నాలుకను మోసపుచ్చును. చల్లని వస్తువునందు తీపి తక్కువగా తోచును. పులుపు తోడైనచో మఱింత మఱుగుపడును. సీసా పానీయములలో ఆమ్లమును వాయువును చేర్చుటయు, వానిని మంచుపెట్టెలో నుంచి అమ్ముటయు ఇందుకు తోడ్పడుచున్నవి. ఆ సీసాను ఒక గంటసేపు ఎండలో నుంచి, పొంగు పోయిన తరువాత త్రాగి చూచినవారికి మేము వేఱుగా చెప్పవలసినది లేదు.

ఇక దేహములో జరుగునదేమో చూతము. పంచదారయందు గ్లూకోసు, ఫ్రక్టోసు అను రెండు తీపి పదార్థములు జంటగా కూడియుండును. ఇవి పండులోనూ కలవు. అయిన పండును నమలవలెను. అందులోని పీచు కడుపు నింపును. తీపి మెల్లమెల్లగా రక్తములో చేరును. రెండు బత్తాయిలు తినునప్పటికి "ఇక చాలు" అనిపించును. అదే నాలుగైదు బత్తాయిల రసమును పంచదారతో కలిపి త్రాగినను భోజనములో ఒక ముద్ద తగ్గదు. నమలక మ్రింగిన ద్రవము ఆకలిని అంతగా తీర్చదు గనుక, దానివలన వచ్చిన శక్తి భోజనమువలన వచ్చినదానికి పైన అదనముగా చేరును. గ్లూకోసు వేగముగా రక్తములో చేరుటచే క్లోమగ్రంథి ఇన్సులినును ఎక్కువగా విడువవలసివచ్చును. ఫ్రక్టోసు అధికభాగము కాలేయమునకు పోవును. అక్కడ మితిమీరినది క్రొవ్వుగా మాఱును. దంతముల సంగతి సరేసరి. నోటిలోని సూక్ష్మజీవులు పంచదారను తిని ఆమ్లమును పుట్టించును. పానీయమునందలి ఆమ్లము దానికి తోడై పంటిపైనుండు గట్టి పూతను మెత్తబఱచును. ఒకేసారి త్రాగినదానికన్న, సీసాను ప్రక్కనుంచుకొని సాయంకాలమంతయు కొంచెము కొంచెముగా చప్పరించుట పండ్లకు ఎక్కువ కీడు.

ఎంత వఱకు మితము? ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2015లో చెప్పినదేమనగా, మనము కలుపుకొను పంచదార, బెల్లము, తేనె, పండ్లరసములలోని తీపి, ఇవన్నియు కలిసి దినమునకు కావలసిన శక్తిలో పదవవంతునకు లోబడియుండవలెను. ఇరువదవవంతునకు తగ్గిన మఱింత మేలు. దినమునకు 2000 కేలరీలు కావలసినవారికి మొదటి లెక్క 50 గ్రాములు, రెండవది 25 గ్రాములు. ఒక గ్రాము పంచదార 4 కేలరీల నిచ్చును గనుక ఈ లెక్కను పిల్లలే వేసి చూచుకొనగలరు. చిన్న బిడ్డలకు ఇంకను తక్కువ. పైని చిన్న సీసా ఒక్కటియే రెండవ లెక్కను దాటివేయుట గమనింపదగినది. మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక చిన్న గదిలో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చినది. ఆ సంస్థవారు 2024లో వెలువరించిన ఆహార సూత్రములలో, తీపి పానీయములు నీటికి గాని పండ్లకు గాని బదులు కానేరవనియు, మజ్జిగ, నిమ్మనీరు, కొబ్బరినీరు మేలనియు చెప్పిరి. చెఱకురసముపై సహితము వారు దయ చూపలేదు. 100 మిల్లీలీటర్ల చెఱకురసములో 13 మొదలు 15 గ్రాముల వఱకు పంచదార యుండును. మా తరగతిలో చెఱకు రైతుల బిడ్డలు కలరు గనుక ఈ మాట చెప్పుటకు మాకు కొంత సంకోచము కలిగెను. అయినను చెఱకు ముక్కను పంటితో చీల్చి నమలుటకును రసమును గ్లాసుతో త్రాగుటకును గల భేదమును వారే అందఱికన్న త్వరగా గ్రహించిరి.

పంచదార తగ్గుటవలన నిజముగా మేలు కలుగునా యని యొక తండ్రిగారు మమ్మడిగిరి. దీనికి ఇంగ్లండుదేశపు వృత్తాంతమొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున 1940లో అక్కడ పంచదారకు రేషను పెట్టిరి. అది 1953 వఱకు నడిచినది. రేషను ఎత్తివేసినంతనే సగటున మనిషికి దినమునకు 40 గ్రాములుండిన పంచదార 80 గ్రాములకు చేరెను. ఆ సరిహద్దునకు ఇటు నటు పుట్టిన వారి ఆరోగ్యపు వివరములను శాస్త్రజ్ఞులు పరిశీలించి 2024లో ప్రకటించిరి. తల్లి గర్భమునందును, మొదటి రెండేండ్లయందును రేషను కాలమున పెరిగినవారికి పెద్దతనమున మధుమేహము వచ్చుట సుమారు నూటికి 35 వంతులు, రక్తపుపోటు వచ్చుట సుమారు 20 వంతులు తక్కువగా నుండెను. ఆ తల్లులు వైద్యుని సలహాపై మానినవారు కారు. అంగడిలో దొరకలేదు, అంతే. మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని 2023లో వెలువడిన పరిశోధన తెల్పినది. పానీయములే దీనికి కారణమని మేము చెప్పము. వరియన్నపు ఆధిక్యము, వ్యాయామలోపము, వంశము మొదలైనవి కలవు. అయిన ఈ కారణములలో, ఆకలితోనుండు ఏ బిడ్డకును లోటు కలుగకుండ తీసివేయదగినది పంచదార నీళ్లు.

సీసాలను నిందించుట సులభము. మన వంటింటివైపు చూచిన గాని లెక్క తేలదు. ఐదుగురు గల యింట దినమునకు రెండుసార్లు టీ కాచుదురనుకొందము. గ్లాసునకు రెండు చెంచాలు. అవి ఇరువది చెంచాలు, అనగా 100 గ్రాములు. నెలకు మూడు కిలోలు! ఒక్కొక్కరికి దినమునకు 20 గ్రాములు టీలోనే తీఱినవి. పండుగ పాయసము, చుట్టముల మిఠాయి, సీసా, బిస్కత్తు ఇంకను లెక్కలోనికి రాలేదు. పోనీ బెల్లము వేసికొందుమని కొందఱు తల్లులు చెప్పుచున్నారు. బెల్లమునందును అధికభాగము పంచదారయే గాని వేఱు కాదు. చిన్నపిల్లలకు టీ యిచ్చుట మఱియొక చిక్కు. భోజనమునకు దగ్గఱగా త్రాగిన టీ అన్నముకూరలలోని ఇనుము రక్తమునకు అందకుండ చేయును. రక్తహీనత మన బాలికలయందు తఱచుగా కానవచ్చుచుండగా ఇది చిన్న సంగతి కాదు.

మేలుచేయునని నమ్మి కొను వస్తువులు రెండున్నవి. పాలలో కలుపు పొడులు మొదటివి. వీనిలో మూడవవంతునకు దగ్గఱగా గాని, అంతకు మించి గాని పంచదార గల రకములు కలవు. మన ఆహార చట్టములో "ఆరోగ్య పానీయము" అను పేరునకు నిర్వచనమే లేదు. అందుచే 2024లో కేంద్రప్రభుత్వమువారు ఇంటర్నెట్టు అంగళ్లవారిని వీనిని ఆ పేరున అమ్మవలదని కోరిరి. రెండవది మఱింత ముఖ్యము. విరేచనములగు బిడ్డకు ఇవ్వవలసిన ఓఆర్ఎస్ ద్రావణములో లీటరునకు 13.5 గ్రాముల గ్లూకోసు మాత్రమే, తగు లవణములతో, ఉండవలెను. ఆ పేరును అట్టలపై వేసికొని, లీటరునకు 100 గ్రాములకు మించిన పంచదారతో పానీయములు మందుల అంగళ్లలో అమ్ముడుపోయినవి. అంత తీపి ప్రేగులోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజనీ సంతోష్‌గారు దీనిపై ఏండ్ల తరబడి పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థవారు ఆ పేరును అట్లు వాడరాదని ఉత్తరువు చేసిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము చేసినదని పొట్లముపై చదివి మఱి కొనవలెను. పొట్లము దొరకనిచోట లీటరు శుభ్రమైన నీటిలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి యిచ్చి, వైద్యుని యొద్దకు పోవలెను. ఇన్సులిను గాని మాత్రలు గాని వాడు మధుమేహికి ఒడలు చెమర్చి వణకు పుట్టినప్పుడు పంచదార నీరే ప్రాణాధారము. కనుక డబ్బాను పారవేయుడని మేము చెప్పుట లేదు.

తలిదండ్రుల సభలో ఈ సంగతులు చెప్పగా ఒక తల్లిగారు, "మాష్టారుగారూ, ఎండనపడి వచ్చిన చుట్టానికి మజ్జిగ ఇస్తే, సీసా కొనడానికి డబ్బులేక ఇచ్చారనుకుంటారండీ" అనిరి. ఈ మాటకు శాస్త్రమున జవాబు లేదు. పూర్వము మజ్జిగ యిచ్చుట మర్యాదయై యుండగా, ఇప్పుడు సీసా మర్యాదయైనది. ఆమె ప్రక్కనున్న వృద్ధురాలు, "అల్లము, కరివేపాకు, నిమ్మాకు దంచి వేసి చల్లగా ఇచ్చి చూడు, మళ్లీ అడక్కపోతే నన్నడుగు" అనెను. మేము దీనికొక లెక్క మాత్రము చేర్చితిమి. ఇరువది రూపాయల సీసాకు బదులు రెండు కోడిగ్రుడ్లు వచ్చును. ఆ రెంటిలో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులుండును. సీసాలో అవి లేవు.

ఇతరులకు చెప్పు మేము చేసినదేమి? కిందటి సంవత్సరపు క్రీడోత్సవమున పరుగుపందెములు కాగానే మా చేతులతోనే రంగునీళ్ల సీసాలు పంచితిమి. గెలిచినవానికి పెద్ద సీసా! ఆ సంగతి ఈ పాఠము చెప్పునప్పుడు గుర్తునకు వచ్చి సిగ్గుపడితిమి. ఈ సంవత్సరము కుండలలో మజ్జిగయు నిమ్మకాయ ఉప్పునీరును ఉంచితిమి. పెద్ద తరగతి బాలురు మొదట గొణిగిరి. పదునొకండు గంటల కెండ ముదిరిన పిమ్మట కుండలు రెండుమార్లు నింపవలసివచ్చెను. నిమ్మనీరు మాత్రము కొంత మిగిలినది. ఉప్పెక్కువయైనదని వంటమనిషియే ఒప్పుకొనెను.

ఇంటిలో ఒక్కసారిగా మానుట సాగదు. మా తరగతి పిల్లలలో కొందఱు తల్లుల యనుమతితో టీలో పదిదినముల కొకసారి పావు చెంచా చొప్పున తగ్గించి చూచిరి. నాలుక మెల్లగా అలవాటుపడును. పానీయపు సీసా చేతికి వచ్చినప్పుడు అట్టపై 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాములని వ్రాసినదో చదివి, సీసా పరిమాణముతో హెచ్చించుట వారికి ఆటయైనది. 600 మిల్లీలీటర్ల సీసాపై 11 అని యున్నచో 66 గ్రాములు, పదమూడు చెంచాలు.

నెల నెల ఇంటికి తెచ్చిన పంచదారను ఒక బాలిక తన లెక్కల పుస్తకపు చివఱి పుటలో వ్రాసికొనుచు వచ్చినది. జూలైలో ఐదు కిలోలు, సెప్టెంబరులో నాలుగు, డిసెంబరులో రెండున్నర. జనవరిలో మరల నాలుగు. దాని ప్రక్కన చిన్న అక్షరములతో, "సంక్రాంతి, అరిసెలు, బాబాయి వాళ్లు వచ్చారు" అని వ్రాసియున్నది. ఫిబ్రవరి గడి యింకను ఖాళీగా నున్నది.