నీటి అడుగున పలక పట్టినవారు

పలకయు పెన్సిలును చిన్న తరగతులతోనే తీరిపోవు సామగ్రియని మన విద్యార్థులు తలంతురు. కాని ఉద్యోగస్థులు, ఉపాధ్యాయులు, పింఛను పుచ్చుకొను వృద్ధులు సైతము పలక చేతబట్టి సముద్రములో మునుగు తావులు ప్రపంచమున అనేకములు కలవు. వారు ముత్యముల కొరకు మునుగువారు కారు. జీతమునకు పనిచేయువారును కారు. గాలి కూరిన లోహపు సిలిండరును వీపునకు కట్టుకొని, ఇద్దరిద్దరుగా అడుగునకు దిగి, అచ్చటి ప్రాణులను లెక్కించి, నీటికి చెడని పలకపై ఆ సంఖ్యలు వ్రాసికొని పైకి వత్తురు. ఈ లెక్క ఎందులకో, ఎవరికి ఉపకరించినదో ఈ పాఠమున చెప్పెదను.

భూగోళ పాఠములో ప్రవాళభిత్తికలని మనము చదువునవి పగడపు ప్రాణులు కట్టిన సున్నపు దిబ్బలు. ఇవి నూరు దేశములకు పైగా తీరములలో వ్యాపించి యున్నవి. వానిని ఏటేట పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు చాలరు. 1996వ సంవత్సరమున గ్రెగర్ హాడ్జ్‌సన్ అను సముద్రజీవ శాస్త్రజ్ఞుడు రీఫ్ చెక్ అను సంస్థను స్థాపించి, నీట మునుగుట నేర్చిన సామాన్యులకే శిక్షణ నిచ్చి ఈ పనికి పూనుకొనజేసెను. 1997లో ముప్పదికి పైగా దేశములలో మొదటి లెక్క జరిగెను. మనుష్యులు కోరి పట్టు పెద్ద చేపలు అనేక దిబ్బలలో ఒక్కటియు కనబడలేదు. మరుసటి యేడు, 1998లో, నీరు వేడెక్కి పలు సముద్రములలో పగడములు తెల్లబారినప్పుడు, అంతకు ముందటి స్థితి ఎట్టిదో చెప్పుటకు ఈ అంకెలు చేతిలో నుండెను.

సామాన్యుల లెక్కను నమ్మవచ్చునా అను సందేహము సహజమే. అందుచేతనే సులభముగా గుర్తింపదగిన ప్రాణులను మాత్రమే వారి పట్టీలో చేర్చిరి. పగడపు దిబ్బపై నూరు మీటర్ల టేపు పరచి, అందు ఇరువదేసి మీటర్ల నాలుగు ముక్కలను, నడుమ అయిదేసి మీటర్లు విడిచి, పరీక్షింతురు. టేపు పరచు సందడికి చేపలు బెదరును గనుక పదునైదు నిమిషములు ఊరకుండి, పిమ్మట మొదట చేపలనే లెక్కింతురు. తరువాత ప్రతి అరమీటరు వద్దను దారమునకు కట్టిన చిన్న గుండును జారవిడిచి, అది తగిలినది ప్రాణమున్న పగడమో, రాయియో, ఇసుకయో వ్రాయుదురు. గుండు ఎందులకందురా? మన కన్ను అందమైన పగడము వైపే పోవును. గుండునకు ఇష్టానిష్టములు లేవు.

మరియొక నియమము నాకు మిక్కిలి నచ్చినది. పట్టీలోని ప్రాణి కనబడనిచో ఆ గడిని విడువక సున్న చుట్టవలెను. ఖాళీ గడిని చూచి, వెదకలేదో, వెదకినను లేదో ఎవరును చెప్పజాలరు. "వెదకితిని, లేదు" అని సున్న సాక్ష్యమిచ్చును. హాజరు పట్టీలో రాని పిల్లవానికి గూడ గుర్తు పెట్టుట ఇందులకే; ఇరువదియేండ్లుగా ఆ గుర్తులు పెట్టుచు నేను దీనిని ఇంత స్పష్టముగా తలపోసి యుండలేదు.

ఈ సున్న విలువ అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున తెలియవచ్చెను. అచ్చటి చల్లని నీటిలో పగడపు దిబ్బలకు మారుగా కెల్ప్ అను గోధుమరంగు నాచు అడవులుగా పెరుగును. అందు పెద్దజాతి అనుకూలమైన నీటిలో దినమునకు అరమీటరుకు పైగా సాగును. ఉత్తర భాగమున పెరుగు వేరొక జాతి ఒక్క యేటిలోనే తాటిచెట్టంత పొడవగును. ఈ అడవులలో చేపపిల్లలు దాగును. ఆబలోని అను పెద్ద నత్త దీనినే మేసి బ్రదుకును. రీఫ్ చెక్ వారి సేవకులు 2006 మొదలు ఇచ్చట ముప్పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల పట్టెలు కొలిచి, అందలి ప్రాణులను లెక్కించుచు వచ్చిరి.

కెల్ప్‌ను కొరికివేయునది అర్చిన్ అను ఉండవంటి ముండ్ల ప్రాణి. దానిని తిను నీటికుక్కలను పూర్వము బొచ్చు కొరకు వేటాడి ఉత్తర తీరమున లేకుండ చేసిరి. మిగిలినది సూర్యకాంతి నక్షత్రమని పేరొందిన సముద్రనక్షత్రము. ఇరువది చేతులు, ఇంచుమించు మీటరు వెడల్పు గల బలిష్ఠమైన ప్రాణి. 2013లో దానికొక తెగులు సోకెను. చేతులు ఊడి, దేహము ముద్దగా కరగిపోయెను. 2014 మొదలు 2016 వరకు సముద్రము అసాధారణముగా వేడెక్కి కెల్ప్ ఎదుగుదల తగ్గెను. అడ్డులేని ఊదారంగు అర్చిన్లు మిగిలిన దానిని మేసివేసెను. ఉత్తర కాలిఫోర్నియాలో సుమారు 350 కిలోమీటర్ల తీరమున నూటికి తొంబదివంతులకు పైగా కెల్ప్ అడవి నశించెను. ఆకలిగొన్న ఆబలోనిలు లక్షలుగా చచ్చుటచే 2018లో వాని వేటను ప్రభుత్వము మూసివేసెను. తరతరములుగా ఆ నత్తల కొరకు మునిగిన కుటుంబముల సంగతి, ఆ యాత్రికులపై బ్రదికిన చిన్న యూళ్ల అంగళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

గట్టున నిలిచిన వానికి సముద్రము మునుపటివలెనే నీలముగా కనబడును. నష్టమెంత, ఏది ముందు పోయెను, ఏది వెనుక పోయెనని అడుగుటకు ప్రభుత్వపు శాస్త్రజ్ఞుల లెక్కలతోపాటు ఈ పలకలపై అంకెలు సాక్ష్యముగా నిలిచెను. నక్షత్రపు గడిలో సున్నలు, అర్చిన్ గడిలో నానాటికి పెరుగు సంఖ్యలు. ఉపద్రవము వచ్చిన పిమ్మట మొదలిడిన లెక్క యిట్లు చెప్పజాలదు.

2020లో మెండోసీనో జిల్లా నోయో తీరమున, జీవనార్థము మునుగువారికి కూలి యిచ్చి అర్చిన్లను ఏరివేయించిరి. ఆకలితో లోపల గుల్లయైన అర్చిన్లకు అంగడిలో ధర లేదు. పైగా తిండి లేకున్నను అవి యేండ్ల తరబడి చావవు! పిదప అందందు కెల్ప్ మరల మొలచెను. అది ఏరివేత ఫలమా, నీరు మరల చల్లబడుట ఫలమా? తెలిసికొనుటకు ఏరిన తావును, ఏరని తావును గూడ సమానముగా లెక్కింపవలెను. రెండవదానిలో సంతోషింపదగినది ఏమియు కనబడదు. అయినను దిగి లెక్కించువారు కలరు.

నక్షత్రముల తెగులునకు ఒక సూక్ష్మజీవి కారణమని 2025లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ప్రయోగశాలలలో ఆ నక్షత్రపు పిల్లలను పెంచుచున్నారు. సేవకుల పట్టీలో దాని గడి తీసివేయబడలేదు.