బుట్ట ఎవరిదైనా జవాబుదారీ మీదే

ప్రశ్న: మా ఆడపడుచూ నేనూ కలిసి నాలుగేళ్లుగా వాట్సాప్‌లో మంగళగిరి చీరలు అమ్ముతున్నాం. ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెట్టాలనుకుంటున్నాం. నెలనెలా చందా కట్టే షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ తీసుకోమని ఒకరు, ఉచితంగా దొరికేదాన్ని తెలిసిన కుర్రాడితో పెట్టించుకోమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది తీసుకుంటే చట్టపరంగా చిక్కులుండవు?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఏది తీసుకున్నా చిక్కులుంటాయి. కాకపోతే చందాదానిలో ఒకచోట, ఉచితందానిలో ఇంకొకచోట. అంతకన్నా ముందు, చాలామంది తలకిందులుగా అనుకునే సంగతి ఒకటుంది. మీ దగ్గర చీర కొన్నావిడ చట్టం దృష్టిలో వినియోగదారు. సాఫ్ట్‌వేర్ కొన్న మీరు మాత్రం బహుశా కారు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవారిని పక్కన పెట్టింది. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవారు కొన్న వస్తువులకు మినహాయింపు ఇచ్చింది గానీ, పాత చట్టంలో ఆ చోటే ఉన్న ‘సేవలు’ అన్న మాటను కొత్త చట్టంలో ఉంచలేదు. నెల చందాకు వచ్చే సాఫ్ట్‌వేర్ వస్తువా, సేవా? ఎవరి వకీలు వారి వాదన వినిపిస్తారు. 2025 నవంబరులో పాలీ మెడిక్యూర్ కేసులో సుప్రీంకోర్టు, వ్యాపార పనులకు సాఫ్ట్‌వేర్ కొన్న కంపెనీ వినియోగదారు కాదని తేల్చింది. మీది కంపెనీ కాదు, ఇద్దరు ఆడవాళ్ల కష్టం. వాదించడానికి చోటుంది. ఆ ఆశతో మాత్రం డబ్బు కట్టొద్దు.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌వాళ్లతో పేచీ వస్తే మీకు దిక్కు వాళ్లు రాసిన షరతుల పత్రమే. ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేముందు దాని చివరి పేజీలు చదవండి, అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. వివాదాలు ఫలానా నగరం కోర్టులోనే తేల్చుకోవాలని రాసి ఉంటే, ఆ కోర్టుకు ఎటూ విచారణాధికారం ఉన్నప్పుడు, మన న్యాయస్థానాలు ఆ షరతును మన్నిస్తాయి. మీ కస్టమరుకు ఈ బాధ లేదు. చట్టంలోని 34వ సెక్షన్ కింద ఆదిలాబాద్‌లో ఉన్నావిడ ఆదిలాబాద్ జిల్లా కమిషన్‌లోనే మీమీద ఫిర్యాదు చేయవచ్చు, ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్‌లో పెట్టవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు కూడా లేదు. ఆవిడ పిలిస్తే మీరు ఆదిలాబాద్ వెళ్లాలి, సాఫ్ట్‌వేర్‌వాళ్లను పిలవాలంటే మీరే బెంగళూరుకో ఇంకెక్కడికో వెళ్లాలి.

అందుకే సాఫ్ట్‌వేర్‌ను డిజైన్ల అందం చూసి కాదు, మీ కస్టమరుకు మీరు చట్టప్రకారం చేయాల్సినవి అది చేయనిస్తుందా లేదా అన్నది చూసి ఎంచుకోండి. సొంత సరుకును సొంత సైటులో అమ్మేవారికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. మీ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో కనబడాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అధికారి అంటే కంగారుపడకండి, మీ ఆడపడుచైనా చాలు. చీర ధర, పన్ను, డెలివరీ కలిపి మొత్తం ఒకే అంకెలో, దాని విడి లెక్కతో సహా చూపాలి. పిన్‌కోడ్ కొట్టి చివరి మెట్టుకు వెళితే గానీ డెలివరీ ఖర్చు చూపని కార్టులు ఉన్నాయి. ప్రయోగానికి ఒక ఆర్డరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

కార్టుతో పాటు అమ్మకాలు పెంచే హంగులు కొన్ని వస్తాయి. స్టాకు నిండుగా ఉన్నా ‘ఇంకా రెండే ఉన్నాయి’ అనడం, అడగకుండానే బుట్టలో పది రూపాయల విరాళమో గిఫ్ట్ ప్యాకింగో చేర్చడం, ముందే టిక్ పెట్టి ఉంచడం. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ పేరుతో నిషేధించిన 13 రకాల్లో మొదటి రెండూ ఉన్నాయి. ముందస్తు టిక్కులను 2020 నియమాలే కూడదన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో అలాగే వచ్చిందండీ అంటే కుదరదు. వీటిని ఆపేసే వీలు లేని కార్టు మీకొద్దు.

చీరల వ్యాపారంలో మరో ఆచారం, ‘పార్సిల్ విప్పే వీడియో లేకపోతే రిటర్న్ లేదు’. వీడియో మంచి సాక్ష్యమే, అడగండి. కానీ ఫోన్లో నెమలికంఠం రంగు చూపించి ఆకుపచ్చ పంపితే, వీడియో లేదన్న ఒక్క కారణంతో మీరు రిటర్న్ కాదనలేరు. లోపమున్నా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోవాల్సిందేనని నియమం. రిటర్న్, రీఫండ్ నమోదు చేసే ఏర్పాటు కార్టులో లేకపోతే ఆ లెక్కలన్నీ మళ్లీ వాట్సాప్‌లోకే చేరతాయి.

ఇక కార్డు నంబర్లు. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణదారులు వాటిని దాచిపెట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆంక్ష. చెల్లింపంతా అనుమతి ఉన్న పేమెంట్ గేట్‌వే పేజీలోనే జరిగే కార్టు తీసుకుంటే ఆ తలనొప్పి మీకుండదు. పేర్లు, ఫోన్లు, చిరునామాలు మాత్రం మీ దగ్గరే ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మీ తరఫున ఆ డేటా చూసే సంస్థ చేసిన పొరపాటుకూ బాధ్యత మీదే. భద్రత లోపిస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. అది గరిష్ఠం, చీరల కొట్టుకు వేసే మొత్తం కాదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. కస్టమరు కోరితే మీ సమ్మతి నోటీసు తెలుగులోనూ ఉండాలి. తెలుగు అక్షరాలు సరిగ్గా చూపని కార్టులు ఇంకా ఉన్నాయి సుమా.

ఉచిత సాఫ్ట్‌వేర్ సంగతి. వూకామర్స్, ఓపెన్‌కార్ట్ లాంటివి వాడుకోవడానికి లైసెన్సు రుసుము లేదు, గ్యారంటీ కూడా లేదు. పెట్టిన కుర్రాడు తనదిగా రాసిన కోడ్ మీద కాపీరైటు, మీ దగ్గర ఉద్యోగి కాడు గనుక, మామూలుగా అతనిదే. డబ్బిచ్చినంత మాత్రాన మీదైపోదు, రాతపూర్వకంగా బదిలీ చేయాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే కాపీరైటు చట్టం అయిదేళ్లని లెక్కేస్తుంది. నా దగ్గరకొచ్చిన ఒక వ్యవహారంలో వెబ్‌సైటు పేరే డెవలపరు పేరు మీద ఉంది. అతను విదేశం వెళ్లి ఫోను ఎత్తడం మానేశాక, పచ్చళ్లమ్మే ఆ కుటుంబం ఆర్డర్లన్నీ ఎనిమిది నెలలు ఆగిపోయాయి.

డబ్బు చేతిలో ఉంటే నేనైతే చందాదే తీసుకోమంటాను, ఒక షరతు మీద. ఏడాది చందా ఒకేసారి కట్టకుండా ఒక నెల కట్టి, మీ ఆర్డర్లు, కస్టమర్ల జాబితా మొత్తం ఒక ఫైలుగా దింపుకుని చూడండి. మానేశాక ఎన్నాళ్లు ఆ డేటా ఉంచుతారో ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. డొమైన్ పేరు మాత్రం ఈ వారంలోనే కొనేయండి, మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో, ఓటీపీ మీ ఫోనుకే వచ్చేలా.