పక్క చేను పచ్చగా, మా కంది ఎండిపోతోంది

ప్రశ్న: పూతకొచ్చిన కంది అక్కడక్కడా నిలువునా ఎండుతోంది. తడి పెట్టినా కోలుకోవట్లేదు. పక్కాయన ‘ఆశ’ రకం కంది వేశాడు, ఆయన చేను బాగుంది. ఎందుకు సార్?
– ఓ రైతు, బాన్సువాడ

జవాబు: ఎండిన మొక్క కాండాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల నల్లటి చారలుంటే అది ఫ్యుజేరియం ఎండు తెగులే. నేలలోని ఈ శిలీంధ్రం వేరులోంచి దూరి నీటి నాళాల్లో పెరుగుతుంది. నాళాలు పూడుకుపోతే మీరెంత తడి పెట్టినా నీరు పైకెక్కదు.

‘ఆశ’లాంటి తట్టుకునే రకంలోకీ శిలీంధ్రం కొంత చొరబడుతుంది. కాకపోతే అక్కడ మొక్క ముందే పసిగడుతుంది. శత్రువున్న నాళాన్ని జిగురుతో, బుడగల్లాంటి కణాలతో తానే మూసేసి, విషపదార్థాలు వదులుతుంది. నాలుగు నాళాలు పోయినా మిగతావి నీళ్లు మోస్తాయి. మీ రకం కూడా నాళాలు మూస్తుంది. ఆలస్యంగా, అదుపు లేకుండా. దాంతో తన దాహానికి తానే కారణమవుతుంది!

పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి 1986లో వచ్చిన ‘మారుతి’ ఎండు తెగులును తట్టుకున్నా గొడ్డుమోతు తెగులుకు లొంగేది. 1993లో విడుదలైన ‘ఆశ’ రెండింటినీ ఓర్చుకుంటుంది.

ఎండిన మొక్కల్ని వేళ్లతో పీకి కాల్చండి. మోళ్లలో శిలీంధ్రం మూడేళ్లదాకా బతుకుతుంది, కాబట్టి అన్నేళ్లూ ఆ చెలకలో జొన్నో మక్కో వేయండి. మళ్లీ కంది వేసినప్పుడు జొన్న అంతరపంటగా ఉంటే తెగులు తగ్గుతుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించండి. ఇప్పుడు మందు కొట్టి ఎండిన మొక్కను లేపడం మాత్రం కుదరదు.