నాన్నకు నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మా నాన్నకు 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి రోజంతా టీవీలో కరోనా వార్తలే చూస్తున్నారు. రాత్రి గుండె దడ, నిద్ర లేదు. ఆసుపత్రికి వెళ్తే రోగం అంటుకుంటుందని భయం. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, తిరువూరు

జవాబు: మీ నాన్నగారిది పిరికితనం కాదండీ. ప్రమాదం ఉందని మనసు పదే పదే హెచ్చరిస్తుంటే ఒళ్లు కూడా కాపలా కాస్తుంది. అందుకే దడ, అందుకే నిద్రలేమి. దీనివల్ల బీపీ, షుగర్ కూడా పెరగొచ్చు.

టీవీ పూర్తిగా కట్టేయమంటే ఆయన ఊరుకోరు. వార్తలు ఉదయం ఒక అరగంట చాలు. సాయంత్రం రామాయణం లాంటిదేదైనా చూడనివ్వండి. చల్లబడ్డాక డాబా మీదో వాకిట్లోనో అరగంట నడవాలి. పగటి కునుకు, సాయంత్రం టీ తగ్గించాలి. నిజానికి లాక్‌డౌన్‌తో ఆయనకు పోయింది టీకొట్టు దగ్గరి కబుర్లు. రోజూ ఒక పాత స్నేహితుడికి ఫోన్ కలిపి ఇవ్వండి, మాత్ర కన్నా బాగా పనిచేస్తుంది.

బీపీ, షుగర్ మందులు ఒక్క పూట కూడా మానొద్దు. మందుల షాపులు తెరిచే ఉన్నాయి. అయిపోకముందే మీరు వెళ్లి తెండి. మామిడిపండ్ల కాలం కదా, షుగర్ పెరగకుండా వాటి మీదా ఓ కన్నేయండి!

దడ తగ్గకపోయినా, రెండు వారాలకూ నిద్ర కుదరకపోయినా డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడండి. ఛాతీనొప్పి, ఆయాసం, చెమటలు, మూతి వంకర కనిపిస్తే మాత్రం కరోనా భయం పక్కనపెట్టి వెంటనే 108 పిలవండి. బతకాలని లేదన్న మాట అంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.