కొలతలు తీశాకే కుర్చీ కొనండి

సందేహం: మాది గోదావరిఖని దగ్గర ఎయిట్ ఇంక్లైన్ కాలనీ, కంపెనీ క్వార్టర్. హైదరాబాద్ ఆఫీసుకు ఇంటి నుంచే పనిచేస్తున్నా. డైనింగ్ టేబుల్ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చుంటా. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. నా ఎత్తు అయిదడుగులు. అయిదు వేలకు మించి పెట్టలేను. ఆన్‌లైన్‌లో గేమింగ్ కుర్చీ ఆఫర్‌లో ఉంది, తీసుకోమంటారా?

సమాధానం: వద్దమ్మా. ఆ కుర్చీల సీటుకు రెండు పక్కలా అంచులు గట్టుల్లా లేచి ఉంటాయి. కాస్త కదిలి కూర్చుందామన్నా అవి కదలనివ్వవు. పైన రెగ్జిన్. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన రామగుండం ఎండలో రెగ్జిన్ మీద గంట కూర్చుంటే వీపంతా చెమటే. ధరలో ఎక్కువ భాగం రంగులకూ హంగులకూ పోతుంది.

మీ నొప్పికి మూలం కుర్చీ ఒక్కటే కాదు, బల్లకూ కుర్చీకీ ఎత్తు కుదరకపోవడం. టేపు తీసుకుని మూడు కొలతలు చూడండి. ఒకటి, నేల నుంచి బల్ల పైభాగానికి. డైనింగ్ టేబుల్ సాధారణంగా 30 అంగుళాలు ఉంటుంది. రెండు, కూర్చుని భుజాలు వదులుగా వదిలేసినప్పుడు సీటు నుంచి మోచేతి దాకా. మూడు, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా. మీ ఎత్తువాళ్లకు మోచేయి సుమారు 9 అంగుళాల దగ్గర, మోకాలి మడత 15 అంగుళాల దగ్గర ఉంటాయి. అంటే మోచేయి బల్లకు సమంగా రావాలంటే సీటు 21 అంగుళాల ఎత్తులో ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ 17కు అటూ ఇటూ ఉంటుంది. తక్కువైన ఆ నాలుగు అంగుళాలనూ మీ భుజాలు ఎత్తి పట్టుకుంటున్నాయి, రోజంతా. పట్టేయక ఏం చేస్తాయి?

సీటును 21 దాకా లేపితే ఇంకో చిక్కు వస్తుంది. కాళ్లు గాలిలో వేలాడి, సీటు అంచు తొడ కింద నొక్కి, పాదాలు తిమ్మిరెక్కుతాయి. అందుకే కాళ్ల కింద 6 అంగుళాల ఎత్తు పీట వేసుకోండి. వంటింట్లో పీట ఉంటే అదే చాలు. తక్కువైతే కింద రెండు చెక్కలు కొట్టించండి. వందల రూపాయల ఫుట్‌రెస్ట్ చేసే పని ఇదే.

ఇక కుర్చీ. వీపు దగ్గర వల ఉన్నది, అంటే మెష్ కుర్చీ చూడండి. సీటు మాత్రం గట్టి ఫోమ్‌ది కావాలి. బొటనవేలితో నొక్కితే వెంటనే అడుగు తగిలే ఫోమ్ ఆరు నెలల్లో పలచబడుతుంది. వెనక్కి ఆనుకుని కూర్చున్నాక సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పొట్టివాళ్లకు చాలా కుర్చీలు ఇక్కడే కుదరవు. సీటు లోతెక్కువై వీపు ఆననే ఆనదు. చేతుల దిమ్మెలు బల్ల కిందికి దూరాలి, లేకుంటే కుర్చీ ముందుకు రాదు. అందుకే ఆన్‌లైన్‌లో తీసుకునే ముందు ఒకసారి ఫర్నిచర్ షాపుకు పోయి పది నిమిషాలు కూర్చుని చూడండి. తలకు దిండు ఉన్నదా లేదా అన్నది పట్టించుకోకండి. ఆ డబ్బుతో విడి కీబోర్డు కొని, ల్యాప్‌టాప్‌ను నాలుగు లావు పుస్తకాల మీద పెట్టండి. మీ మెడనొప్పికి కుర్చీ కన్నా అదే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

మన దగ్గర బొగ్గుధూళి చక్రాల్లో చేరి, వెంట్రుకలతో కలిసి పట్టేస్తుంది. నెలకోసారి కుర్చీని బోర్లించి శుభ్రం చేయండి.

సందేహం: ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ఇరవై ఏళ్లు డంపర్ నడిపాను. నడుంనొప్పితో ఇప్పుడు గని బయట, సర్ఫేస్‌లో కూర్చుని రాసే పని. అయినా నొప్పి తగ్గలేదు. సొంతంగా మూడు వేలల్లో మంచి కుర్చీ కొనుక్కుంటే తగ్గుతుందా? — సింగరేణి ఆర్జీ-3 (రామగుండం-3) ఏరియా కార్మికుడు

సమాధానం: అన్నా, కుర్చీ ఒక్కటే తగ్గించదు. ఈ మాట ముందే చెప్పాలి. సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఊగే కుదుపుకు మన వెన్ను ఎక్కువగా అదురుతుంది. గుంతలు పడ్డ హాల్ రోడ్డు మీద పెద్ద బండి పుట్టించే కుదుపు దానికి దగ్గర్లోనే ఉంటుంది. ఇరవై ఏళ్ల ఆ భారం మోసిన వెన్నుపూసల మధ్య డిస్కులకు ఇప్పుడు కదలకుండా కూర్చోవడం కొత్త బాధ. డిస్కుకు సొంతంగా రక్తనాళాలు దాదాపు లేవు. మనం కదిలినప్పుడే దానికి పోషణ బాగా అందుతుంది. అందుకని అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవండి. రిజిస్టర్లు దూరంగా ఉన్న అల్మరాలో పెట్టుకుంటే లేవక తప్పదు.

నిటారుగా కర్రలా కూర్చోవాలన్నది పాత మాట. 2006లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 22 మందిని రకరకాలుగా కూర్చోబెట్టి ఎంఆర్ఐ తీసి చూశారు. నిటారుగా కూర్చున్నప్పటికన్నా వీపుకూ తొడలకూ మధ్య 135 డిగ్రీల కోణం వచ్చేలా వెనక్కి వాలినప్పుడు డిస్కులు తక్కువ కదిలాయి. అంత వాలి రిజిస్టర్ రాయలేం కానీ, కొద్దిగా వెనక్కి ఒరిగి వీపు మొత్తం ఆనించడం మీకు మంచిది. కాబట్టి మీరు చూడాల్సింది వెనక్కి వాలే వీపు. అది లేకున్నా, ఇప్పుడున్న కుర్చీలోనే చిన్న టవల్‌ను చుట్టి బెల్టు కట్టుకునే చోట, వీపు వంపులో పెట్టుకుని వారం రోజులు చూడండి. హాయిగా ఉంటే అప్పుడు డబ్బు తీయండి. వెనక జేబులో పర్సు పెట్టుకుని మాత్రం కూర్చోకండి.

నొప్పి కాలిలోకి జారుతున్నా, పాదం మొద్దుబారినా కుర్చీల సంగతి పక్కన పెట్టి ఏరియా ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా అదే రోజు పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

సందేహం: మా బాబు గ్రూప్-2 పరీక్షకు మంచం మీద కూర్చుని చదువుతున్నాడు. పాత ఆఫీసు కుర్చీ పన్నెండు వందలకు ఇస్తామంటున్నారు. కొనవచ్చా? — ఒక తల్లి, మార్కండేయ కాలనీ

సమాధానం: కొనవచ్చమ్మా, మూడు చూసుకుని. బాబును కూర్చోబెట్టి సీటు పైకి లేపండి. పది నిమిషాల్లో దానంతటది దిగిపోతుంటే సిలిండర్ పోయినట్టే, దాన్ని మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. అడుగున అయిదు కాళ్ల చట్రం మీద పగులు ఉంటే ఎంత చవకైనా వద్దు, అది ఒక్కసారిగా విరుగుతుంది. ఫోమ్ అణిగిపోతే ఫర్వాలేదు, పరుపులు కుట్టేవాళ్లు కొత్తది వేసిస్తారు.

చదువుకునేవాడికి చక్రాల కుర్చీయే కావాలని లేదు. వడ్రంగి చేసిన చెక్క కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లిస్తే గాలి ఆడుతుంది, ఏళ్లకేళ్లు ఉంటుంది. చేయించేటప్పుడు బాబును వెంట తీసుకుపోయి మోకాలి కొలత ఇప్పించండి.